జన్యువు జాతకం కాదు

సంపాదకులకు,

ఉమ్మి నమూనా ఇస్తే డోపమైన్ (మెదడులో సంకేతాలు మోసే రసాయనం) జన్యువులు చూసి పిల్లల తెలివి ఎంతో, రేపు ఏ వ్యసనానికి లొంగుతారో చెబుతామని తిరుపతిలో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ప్రకటనలు తిరుగుతున్నాయి. నీట్ టెన్షన్‌లో ఉన్నవాళ్లు డబ్బు కట్టేస్తారు కూడా.

ఇందులో సైన్సు బొత్తిగా లేదని కాదు. డోపమైన్‌ను విడగొట్టే ఎంజైము 'కామ్ట్' జన్యువు వల్ల తయారవుతుంది. దాని ఒక రూపం ఉన్నవారిలో మెదడు ముందు భాగంలో డోపమైన్ త్వరగా తగ్గుతుంది. జ్ఞాపకశక్తిపై దీని ప్రభావం గట్టిగానే ఉంటుందని మొదట అనుకున్నారు. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే తేడా బహు స్వల్పం. డీఆర్‌డీ2 (డోపమైన్ సంకేతాన్ని అందుకునే గ్రాహకానికి చెందిన జన్యువు) కథ మరీ విచిత్రం. 1990లో దాన్ని తాగుడుతో ముడిపెట్టారు. తర్వాత చాలా పరిశోధనల్లో ఆ సంబంధం కనిపించలేదు. పైగా అప్పుడు చూసిన తేడా అసలు పక్క జన్యువులో ఉందని 2004లో బయటపడింది!

వ్యసన ముప్పులో వంశపారంపర్యం వాటా సుమారు సగమని కవలల అధ్యయనాలు చెబుతాయి, నిజమే. అది ఎన్నో జన్యువుల మొత్తం ప్రభావం, అదీ జనాభా స్థాయి లెక్క. మీ అబ్బాయి గురించి అది చెప్పేది తక్కువ.

పిల్లల్ని వ్యసనాల నుంచి కాపాడాలంటే చేయాల్సింది వేరే ఉంది. విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదని 2003 నాటి చట్టం ఉంది. కార్పొరేషన్, పోలీసులు ముందు ఆ హద్దులోని బడ్డీకొట్లు తనిఖీ చేయాలి. ఈ పరీక్షల ప్రకటనల సంగతి వైద్య ఆరోగ్య శాఖ చూడాలి.

– ఒక విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి