వైడ్ లెన్సు కొనేముందు సెన్సర్ చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

కెమెరాల గురించి పత్రికల్లో వచ్చే సలహాలు చాలావరకు లోపల అద్దం ఉండే ఎస్ఎల్ఆర్‌లకో, ఆటోఫోకస్ కెమెరాలకో సరిపోతాయి. డిజిటల్ రేంజ్‌ఫైండర్ (పక్క కిటికీలోంచి చూస్తూ, రెండు బొమ్మలను కలిపి చేత్తో ఫోకస్ చేసే కెమెరా) వాడేవాళ్లు అవే పట్టుకుంటే డబ్బు దండగ. ఎక్కువ దృశ్యాన్ని పట్టే వైడ్ లెన్సు విషయంలో అయితే మరీను. "ఎఫ్ 1.4 అయితే మంచిది, పేరున్న కంపెనీ అయితే ఇంకా మంచిది" అన్న లెక్క ఇక్కడ చెల్లదు. (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే కాంతి వచ్చే రంధ్రం, అంటే అపర్చర్, అంత పెద్దది.) లైకా ఎం మౌంటు (లెన్సు బిగించే అమరిక) ఉన్న పాత బాడీ (కెమెరా) ఎలాగో సంపాదించుకుని, లెన్సు దగ్గరకు వచ్చేసరికి చేతిలో తక్కువ మిగిలిన పాఠకుల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట సెన్సర్ సైజు తేల్చుకోవాలి. 2004లో వచ్చిన ఎప్సన్ ఆర్-డి1లో ఉన్నది ఏపీఎస్-సి అనే చిన్న సెన్సర్. దాని మీద ఏ లెన్సు మి.మీ. అంకెనైనా (అది ఎంత చిన్నదైతే అంత వైడ్) ఒకటిన్నరతో హెచ్చవేసి చూసుకోవాలి. 2006 నాటి లైకా ఎం8కి ఆ అంకె 1.33. 2009లో వచ్చిన ఎం9 నుంచి ఫుల్‌ఫ్రేమ్, అంటే 35 మి.మీ. ఫిల్ము అంత సెన్సర్. కాబట్టి 21 మి.మీ. లెన్సు ఎం9 మీద 21గానే ఉంటుంది, ఎం8 మీద 28లా, ఆర్-డి1 మీద ఇంచుమించు 32లా చూస్తుంది. 28 మి.మీ. లెన్సు ఎం8 మీద 37 అయిపోతుంది. అది పేరుకే వైడ్. చౌకగా దొరికిందని ఎం8కి 28 కొనుక్కుంటే, కొన్నాళ్లకు మళ్లీ 21 కోసం వెతుక్కోవలసి వస్తుంది.

అసలు చిక్కు సెన్సర్ సైజులో కాదు, కాంతి దాని మీద పడే కోణంలో ఉంది. రేంజ్‌ఫైండర్‌లో అద్దం ఉండదు గనుక, ఫిల్ము కాలంలో వైడ్ లెన్సుల వెనక గాజును ఫిల్ముకు బాగా దగ్గరగా పెట్టేవారు. దానివల్ల లెన్సు చిన్నదయ్యేది, గీతలు వంగేవి కావు. ఏటవాలుగా వచ్చే కాంతి ఫిల్ముకు పెద్ద ఇబ్బంది కాదు. సెన్సర్‌కు ఇబ్బందే. దాని ముందు కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఆపే గాజు పలక ఉంటుంది, ఒక్కో పిక్సెల్ మీద ఒక్కో బుల్లి కటకం ఉంటుంది. అంచుల దగ్గర వాలుగా వచ్చే కిరణం ఆ పలకలో ఎక్కువ దూరం నడుస్తుంది, పక్క పిక్సెల్‌లోకి కూడా కొంత జారుతుంది. ఫలితంగా ఫొటోకు ఒకవైపు ఎర్రటి ఛాయ, రెండోవైపు ఆకుపచ్చో నీలమో కలిసిన ఛాయ వస్తాయి, మూలలు అలికినట్టు ఉంటాయి. మబ్బు పట్టిన ఆకాశమో, తెల్ల గోడో తీస్తే ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఎం9లో బుల్లి కటకాలను అంచుల వైపు కాస్త జరిపి అమర్చారు, అయినా రోగం పూర్తిగా పోలేదు. ఎం8లో సెన్సర్ చిన్నది, లెన్సు ఇచ్చే బొమ్మలో చెడ్డ అంచులు దానికి తగలనే తగలవు. అందుకే ఒకే లెన్సును ఎం8 వాడేవారు మెచ్చుకుంటారు, ఎం9 వాడేవారు తిడతారు. ఇద్దరిదీ నిజమే. నలుపు తెలుపు మాత్రమే తీసే మోనోక్రోమ్ బాడీ ఉన్నవారికి రంగుల బాధే లేదు, మూలల పదును ఒక్కటి చూసుకుంటే చాలు.

ఇప్పుడు పేర్లు చెబుతాను. ఫాక్ట్‌లాండర్ పేరుతో జపాన్‌లోని కొసీనా చేసే లెన్సులే తక్కువ డబ్బున్నవారికి పెద్ద దిక్కు. వాటిలో 21 మి.మీ. ఎఫ్ 4 కలర్ స్కోపార్ గుప్పిట్లో ఇమిడిపోతుంది, సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గా దొరుకుతుంది. ఎం8కి, ఆర్-డి1కి ఇంతకంటే తెలివైన కొనుగోలు నాకు తెలియదు. ఫుల్‌ఫ్రేమ్ మీద అదే లెన్సు అంచుల్లో రంగు మారుస్తుంది. అక్కడ 2018లో వచ్చిన 21 మి.మీ. ఎఫ్ 3.5 తీసుకోవడం మేలు, దాన్ని డిజిటల్‌ను దృష్టిలో పెట్టుకునే గీశారు. 15 మి.మీ. సూపర్ వైడ్ హెలియార్‌ది మరీ విచిత్రం. ఒకే పేరుతో మూడు తరాలు ఉన్నాయి. మొదటిది మరల (స్క్రూ) మౌంటుది, కెమెరాలోని రేంజ్‌ఫైండర్ యంత్రంతో కలవదు, దూరాన్ని అంచనా వేసి తిప్పుకోవాలి. రెండోది ఎం మౌంటుతో వచ్చింది, కలుస్తుంది. ఈ రెండూ ఎం9 మీద అంచులను గులాబీ రంగులో ముంచేస్తాయి. 2015లో వచ్చిన మూడోదాన్ని కొత్తగా డిజైన్ చేశారు. అది లావుగా ఉంటుంది, ఫిల్టర్ 58 మి.మీ. పడుతుంది, ఫుల్‌ఫ్రేమ్ మీద రంగులు దాదాపు శుభ్రంగా ఇస్తుంది. అమ్మకం ప్రకటనలో "15 మి.మీ. హెలియార్" అని మాత్రమే ఉంటే, ఎన్నో తరమో అడగకుండా డబ్బు కట్టొద్దు.

జైస్ జెడ్ఎం వరుసలోని 21 మి.మీ. ఎఫ్ 4.5 సి బయోగాన్ గీతలను వంచకపోవడంలో సాటిలేనిది. కట్టడాలు తీసేవారికి ఆశ పుట్టిస్తుంది. కానీ దాని వెనక గాజు సెన్సర్‌కు బాగా దగ్గరకు వెళ్తుంది, రంగు మార్పు తీవ్రంగా ఉంటుంది. ఫిల్ముకూ, మోనోక్రోమ్‌కూ వదిలేయండి. 28 మి.మీ. కావాలంటే అదే వరుసలోని ఎఫ్ 2.8 బయోగాన్ సెకండ్ హ్యాండ్‌లో మంచి బేరం. మినోల్టా సీఎల్ఈ కోసం చేసిన 28 మి.మీ. ఎం రొక్కార్ కూడా తక్కువలో దొరుకుతుంది, కానీ దాని ముందు గాజు లోపలివైపు తెల్లటి చుక్కలు పుట్టే జబ్బు ఉంది. టార్చి వేసి చూడకుండా కొనకూడదు. సోవియట్ జూపిటర్ 12 చాలామందిని ఊరిస్తుంది. దాని వెనక గాజు షట్టర్ దగ్గర దాకా చొచ్చుకుపోతుంది, పైగా సోవియట్ లెన్సుల ఫోకస్ లెక్క లైకా లెక్కతో అచ్చంగా సరిపోదు. డిజిటల్ బాడీ మీద ఆ సాహసం వద్దనే నా సలహా.

రంగు మార్చే లెన్సు ఇప్పటికే చేతిలో ఉంటే అమ్మేయనక్కర్లేదు. ఎం9లోనూ, తర్వాతి బాడీల్లోనూ మెనూలో లెన్సు పేరు మనమే ఎంచుకోవచ్చు. ఆ ఫోకల్ దూరంలోని (అంతే మి.మీ. ఉన్న) లైకా లెన్సులను ఒక్కొక్కటిగా పెట్టి తెల్ల గోడను తీసి, ఏది తక్కువ మరక చూపిస్తే దాన్ని ఉంచుకోండి. ఎం8లో ఆ మెనూ లేదు, లెన్సు మౌంటు మీద ఉండే ఆరు చుక్కల కోడ్‌నే అది చదువుతుంది. మరల లెన్సుకైతే గాడి ఉన్న అడాప్టర్ కొని, అందులో కోడ్ ప్రకారం నల్ల రంగు నింపుకోవాలి. ఇంతకంటే గట్టి మందు ఇంకొకటి ఉంది. దృశ్యం తీసిన వెంటనే తెల్లటి పాలరంగు ఎక్రిలిక్ ముక్కను లెన్సు ముందు ఆనించి, అదే అపర్చర్, అదే ఫోకస్, అదే వెలుగులో మరో ఫొటో తీయాలి. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే కాంతి రెట్టింపు) పెంచండి, తెలుపు మాత్రం కాలిపోకూడదు. డీఎన్‌జీలోనే (ముడి ఫైలులోనే) తీయండి. కార్నర్‌ఫిక్స్ అనే ఉచిత ప్రోగ్రాంకు ఆ తెల్ల ఫొటో ఇస్తే ప్రొఫైల్ తయారవుతుంది. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఫ్లాట్ ఫీల్డ్ కరెక్షన్, కాప్చర్ వన్‌లో ఎల్‌సీసీ కూడా చేసేది ఇదే. ఒక అపర్చర్‌కు చేసిన ప్రొఫైల్‌ను మరోదానికి వాడితే మరక తిరగబడి కనబడుతుంది. ఎఫ్ 4కి ఒకటి, ఎఫ్ 8కి ఒకటి చేసి ఉంచుకుంటే రోజూ పని జరిగిపోతుంది. ఇది రంగునే సరిచేస్తుంది, అలికిన మూలకు పదును తేలేదు.

అపర్చర్ మీద డబ్బు పోయొద్దని ఎందుకు అంటున్నానో లెక్క చూడండి. ఫుల్‌ఫ్రేమ్ మీద 21 మి.మీ. లెన్సును ఎఫ్ 8కి తిప్పి, ఫోకస్‌ను 1.9 మీటర్ల దగ్గర పెడితే సుమారు మీటరు నుంచి అనంతం దాకా సరిపడా పదును ఉంటుంది. ఇది మామూలు సైజు ప్రింటుకు వేసే లెక్క, పెద్ద ప్రింటు వేయాలంటే ఇంకో స్టాప్ మూయాలి. ఎఫ్ 4 దగ్గర కూడా, మీటరు దూరంలో ఉన్న మనిషి మీద ఫోకస్ చేస్తే 79 సెంటీమీటర్ల నుంచి 1.37 మీటర్ల దాకా పదును అందుతుంది. అదే 28 మి.మీ. లెన్సును ఎఫ్ 1.4 దగ్గర తెరిస్తే ఆ మీటరు దూరంలో పదును పదకొండు సెంటీమీటర్లకు మించదు. రేంజ్‌ఫైండర్ సర్దుబాటులో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఫోకస్ కన్ను వదిలి చెవి మీద పడుతుంది. పెద్ద అపర్చర్ లెన్సు లావుగా ఉండి వ్యూఫైండర్‌లో కింది మూలను కూడా మింగేస్తుంది. చీకట్లో తీసే పని ఉంటే ఎం8లో ఐఎస్‌ఓ (సెన్సర్ కాంతికి స్పందించే అంకె) 640 దాటాక ఫొటోలో చుక్కల మచ్చ వచ్చే మాట నిజమే. కానీ అద్దం దడ లేని ఈ కెమెరాలో 21 మి.మీ. లెన్సుతో సెకనులో 30వ వంతు చేత్తో పట్టి తీయడం కష్టం కాదు.

వ్యూఫైండర్ ఖర్చు ముందే కలుపుకోండి. ఎం9 వ్యూఫైండర్‌లో ఫొటో హద్దులు చూపే గీతలు 28 దాకానే ఉంటాయి, కళ్లజోడు ఉన్నవారికి ఆ 28 గీతలే సరిగా కనబడవు. ఎం8లో 24 దాకా ఉన్నాయి. అంతకన్నా వైడ్ అంటే ఫ్లాష్ తగిలించే చోట విడి వ్యూఫైండర్ పెట్టాలి. ఎం8కి 21 మి.మీ. లెన్సు తీసుకుంటే 28 మి.మీ. వ్యూఫైండర్ కొనాలి, 21ది కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. 2012లో ప్రకటించిన టైప్ 240లోనూ, ఆ తర్వాత వచ్చిన చాలా బాడీల్లోనూ లైవ్ వ్యూ (లెన్సు చూసేదాన్నే తెర మీద చూపడం) ఉంది కాబట్టి ఆ ఖర్చు తప్పుతుంది.

39 మి.మీ. మరల లెన్సు కొంటే అడాప్టర్ దగ్గర పిసినారితనం పనికిరాదు. దాని మందం కచ్చితంగా ఒక మిల్లీమీటరు ఉండాలి, మౌంటు నుంచి సెన్సర్‌కు దూరం మరల మౌంటుకు 28.8 మి.మీ., ఎం మౌంటుకు 27.8 కాబట్టి. మందం ఎక్కువైతే అనంతానికి ఫోకస్ అందదు. లెన్సు ఏదైనా, డబ్బు ఇచ్చేముందు మూడు ఫొటోలు తీసి చూడండి. దూరపు ఇళ్ల వరుసను అపర్చర్ పూర్తిగా తెరిచి తీస్తే నాలుగు మూలలూ ఒకేలా ఉండాలి, ఒక మూల మాత్రం మసకైతే గాజు పక్కకు ఒరిగిందని అర్థం. స్కేలును 45 డిగ్రీల వాలులో పెట్టి, మీటరు దూరం నుంచి స్టాండు మీద తీస్తే ఫోకస్ ముందుకో వెనక్కో పోతోందేమో తెలుస్తుంది. అదే తేడా మీ 50 మి.మీ. లెన్సుతోనూ వస్తే తప్పు కెమెరాది. మూడోది తెల్ల గోడ.

ఎం8 వారికి ఒక్క మాట. దాని సెన్సర్ ముందున్న గాజు అర మిల్లీమీటరే, ఇన్‌ఫ్రారెడ్ సరిగా ఆగదు, నల్ల సింథటిక్ బట్ట ఊదా రంగులో పడుతుంది. యూవీ-ఐఆర్ ఫిల్టర్ తప్పనిసరి. అది పెట్టాక వైడ్ లెన్సుల మూలలకు నీలం ఎక్కుతుంది గనుక, పైన చెప్పిన కోడ్ గానీ తెల్ల ఫొటో గానీ వాడాల్సిందే.

సంపాదకులకు ఒక విన్నపం. మీరు లెన్సు సమీక్ష ప్రచురించేటప్పుడు, దాన్ని ఏ బాడీ మీద పరీక్షించారో మొదటి వాక్యంలోనే రాయించండి. తెల్ల గోడ ఫొటో ఒకటి, చిన్నదైనా సరే, పక్కన వేయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు