వచ్చే నెల నుంచి మా షాపులో ట్యూబిఫెక్స్ ఉండదు

మా షాపుకి వచ్చే అందరికీ నమస్కారం. వచ్చే నెల 1వ తేదీ నుంచి అక్వేరియం చేపలకి మేతగా వేసే బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు అమ్మడం ఆపేస్తున్నాం. ఆదివారం పొద్దున్నే మీలో చాలామంది వచ్చేది వాటి కోసమేనని తెలుసు. గిరాకీ తగ్గుతుందనీ తెలుసు. అయినా ఇక అమ్మలేను.

ఈ పురుగులు పెరిగేది మురుగు కాలవల అడుగు బురదలో. కుళాయి కింద ఎంతసేపు కడిగినా పైపై మురికే పోతుంది, పురుగు లోపలున్నది పోదు. డిస్కస్ లాంటి సున్నితమైన చేపలకి కడుపు జబ్బులు వచ్చే ప్రమాదం అక్కడే ఉంది. పైగా కదిలే పురుగు మరిగిన చేప పెల్లెట్ (ఎండు గింజల మేత) వంక కన్నెత్తి చూడదు. "మీ దగ్గర బాగా తిన్న చేప మా ఇంట్లో ముట్టట్లేదండీ" అని మీరు చేసే ఫోన్లలో చాలావాటికి మూలం ఇదే.

అందుకే ఇకమీద డిస్కస్ పెల్లెట్లు తినడం మొదలుపెట్టాకే అమ్ముతాం. అన్నాళ్లు మా ట్యాంకులో ఉంచాలంటే హీటర్ కరెంటు, మేత ఖర్చు పెరుగుతాయి కాబట్టి రేటు కూడా కొంత పెరుగుతుంది. మీ కళ్లెదుట తిన్నాకే డబ్బులివ్వండి. చూసేటప్పుడు తొందరపడొద్దు. డిస్కస్ గబుక్కున మింగదు. ముందు దగ్గరికొచ్చి, ఇసక మీదికి నీళ్లు ఊది, గింజని పైకి లేపి నోట్లోకి తీసుకుంటుంది, ఊసేస్తుంది, మళ్లీ తీసుకుంటుంది. ఊసిందంటే నచ్చలేదని కాదు, మెత్తబరుచుకుంటోందని. గింజ పక్కనే ఉన్నా మూలన నల్లబడి నిలబడితే మాత్రం ఆ చేపని కొనకండి, నేను అమ్మినా సరే.

ఇప్పటికే ఇంట్లో ట్యూబిఫెక్స్ అలవాటున్న చేపలుంటే ఒక్కసారిగా మాన్పించొద్దు. ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్ (గడ్డకట్టించిన ఎర్ర పురుగులు) ముక్కని ట్యాంకు నీళ్లలో కరిగించి, టీ వడపోతలో ఆ ఎర్రనీళ్లు వంపేసి, పురుగులు మాత్రమే వెయ్యండి. అవి తింటున్నాక, నానబెట్టిన పెల్లెట్లు నాలుగైదు వాటిలో కలపండి. వారం వారం పురుగులు తగ్గిస్తూ గింజలు పెంచండి. పెల్లెట్లకి కాస్త వెల్లుల్లి రసం పట్టిస్తే వాసనకి కొన్ని చేపలు ముందుకొస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప ఒకటి రెండు రోజులు పస్తున్నా ఏమీ కాదు, పిల్ల చేపల్ని మాత్రం అలా ఉంచకూడదు. పది నిమిషాల్లో తినకుండా మిగిలింది తీసేయండి. అది కుళ్లితే అమ్మోనియా పెరిగి, తినే చేప కూడా తినడం మానేస్తుంది.

ఫ్రిజ్‌లో పురుగులు పెట్టనివ్వని ఇళ్లు చాలా ఉన్నాయి, అందులో తప్పేం లేదు. చిన్న చేపలకైతే ఆర్టీమియా (ఉప్పునీళ్లలో బతికే రొయ్యలాంటి బుల్లి జీవి) గుడ్లు తీసుకెళ్లండి. మన కోస్తాలో రొయ్య హేచరీలు రొయ్య పిల్లలకి వేసేది ఈ గుడ్ల నుంచి వచ్చే పిల్లల్నే. లీటరు నీళ్లకి 25 గ్రాముల కళ్లుప్పు, కింద నుంచి గాలి, పైన లైటు ఉంటే 28 డిగ్రీల దగ్గర ఒకటి ఒకటిన్నర రోజులో నారింజ రంగు పిల్లలు బయటికొస్తాయి. లైటు ఒక పక్కన పెడితే అన్నీ అటే చేరతాయి, పైపుతో లాగి మంచినీళ్లలో ఒకసారి కడిగి వేయడమే. పెద్ద డిస్కస్‌కి ఇవి ఆనవు.

మేత మార్చేముందు ఇంకొన్ని చూసుకోండి. హైదరాబాద్ చలికాలంలో హీటర్ లేని ట్యాంకులో డిస్కస్ తినకపోవడం వింత కాదు, దానికి 28 నుంచి 30 డిగ్రీలుండాలి. మలం తెల్లగా దారంలా వస్తుంటే వైద్యం కావాలి, కొత్త మేత కాదు. గుడ్లని నోట్లోనే పొదిగే మలావీ సిక్లిడ్ చేపల్లో ఆడది తినడం మానేసి గొంతు కింద ఉబ్బితే నోట్లో గుడ్లున్నట్టే, మూడు వారాల దాకా దాన్ని వదిలేయండి. ట్యాంకు అడుగున తిరిగే ప్లెకో చేప రాత్రి తింటుంది, లైటు ఆపాక వెయ్యండి.

అరోవానాకి (చిన్న చేపల్ని తినే పెద్ద చేప) వెయ్యడానికి బతికున్న గోల్డ్‌ఫిష్ అడిగేవాళ్లకి కూడా ఇదే జవాబు, అమ్మం. గోల్డ్‌ఫిష్‌నే రోజూ మేతగా వేస్తే అరోవానాకి విటమిన్ బి1 లోపం వస్తుంది, జబ్బులూ అంటుకుంటాయి.

ఇంట్లో చేప తినకపోతే మేత వేసినప్పుడు అదేం చేస్తుందో వీడియో తీసుకుని రండి, థర్మామీటర్ చూసి డిగ్రీలు రాసుకు రండి. పెల్లెట్లు ఏ సైజువి నోట్లో పడతాయో చూసి, ప్యాకెట్ కొనేముందు ఒక పిడికెడు ఉత్తినే ఇస్తాం.