కన్నవారిని వెతుకుతున్న సభ్యులకు మనవి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు గూగుల్ మీట్‌లో కలుద్దాం. దత్తత ఉత్తర్వు, శిశుగృహం ఇచ్చిన పాత కాగితాలు దగ్గర పెట్టుకోండి. తల్లి పేరు తెలియదని వెనకాడవద్దు. మిమ్మల్ని శిశుగృహంలో చేర్చిన తేదీ, ఊరు తెలిసినా వెతకడం మొదలుపెట్టవచ్చు.

2022 దత్తత నిబంధనల ప్రకారం 18 ఏళ్లు నిండినవారు తమ మూలాల సమాచారం కోసం స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు గానీ, మూడో వ్యక్తి ద్వారా వెతికించడానికి అనుమతి లేదు కాబట్టి, దయచేసి దళారుల చేతికి డబ్బు ఇవ్వకండి. బిడ్డను అప్పగించిన రోజున తన వివరాలు గోప్యంగా ఉంచమని కన్నతల్లి కోరి ఉంటే, ఆమె సమ్మతి తప్పనిసరి. బిడ్డను అప్పగించిన విషయం ఇప్పుడు ఆమె ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు. అందుకే ఎవరి పేరు గానీ ఫొటో గానీ ఈ గ్రూపులో పెట్టవద్దు.

వచ్చేవారు శుక్రవారంలోగా నాకు విడిగా తెలియజేయండి. లింకు శనివారం పంపుతాను.