పిల్లల ఫ్లాటుకు ఇచ్చేదీ పంపకమే

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు గత వారం మీ ఉత్తరాల శీర్షికలో రాసినది చదివాను. పెద్దల ఆస్తి ఎలాగూ పిల్లలకే చెందుతుంది కదా, ఆ ఇచ్చేదేదో మాకు జుట్టు నెరిశాక ఇవ్వడం కంటే ఇల్లు కొనుక్కునే వయసులో ఇస్తే బాగుపడతాం అన్నారాయన. నేను తెనాలిలో చాలాకాలం దస్తావేజు లేఖరిగా పనిచేశాను. అమ్మకాలు, దానాలు, పంపకాలు, వీలునామాలు రాయడమే నా జీవనం. ఆ అబ్బాయి మాటలో న్యాయం ఉంది. అయితే ఆ మాట వెనుక తల్లిదండ్రులు, తోబుట్టువులు ఉంటారు. వారి తరఫున కూడా ఎవరైనా మాట్లాడాలి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆయన కష్టం చెబుతాను. హైదరాబాద్‌లో 85 లక్షల ఫ్లాటు కొనాలనుకోండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు గృహరుణానికి ఇంటి విలువలో 80 శాతానికి మించి బ్యాంకు ఇవ్వకూడదు. అంటే అప్పు 68 లక్షలు, చేతి నుంచి 17 లక్షలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, అంటే మరో 6 లక్షల 37 వేల పైచిలుకు. దీన్ని బ్యాంకు ఇంటి విలువలో కలపదు. వెరసి 23 లక్షలు దాటిన సొమ్ము చేతిలో ఉంటేనే ఫ్లాటు సంగతి ఆలోచించాలి. ఆ 68 లక్షలకు ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు నెలనెలా కట్టేది 59 వేలు. మొత్తం కట్టేసరికి కోటి 41 లక్షలు దాటుతుంది. అద్దె కడుతూ, పిల్లల బడి ఫీజులు కడుతూ ఆ 23 లక్షలు ఎప్పటికి కూడబెడతారు? మా తరంలో ఉద్యోగస్థుడు ఊళ్లో స్థలం కొని, రెండు గదులు వేసుకుని, తర్వాత డబ్బు చేతికొచ్చినప్పుడు మూడో గది కట్టుకునేవాడు. ఫ్లాటును అలా కొంచెం కొంచెంగా కొనుక్కోలేరు. కాబట్టి పిల్లలు అడగడంలో తప్పేమీ లేదు. ఉన్నవాళ్లు ఇవ్వాలి.

నేనూ ఇచ్చాను. నా సంపాదనతో కొన్న మాగాణి కొంత ఉండేది. మా అబ్బాయి నిజాంపేటలో ఫ్లాటు చూసుకున్నప్పుడు దాన్ని అమ్మాం. వచ్చిన సొమ్మును మూడు భాగాలు చేయాలని మా ఆవిడ పట్టుబట్టింది: అబ్బాయికొకటి, అమ్మాయికొకటి, మాకొకటి. అమ్మాయి తన వాటాతో రాజమహేంద్రవరంలో తన పేరిట స్థలం కొనుక్కుంది. మా వాటా బ్యాంకులో ఉంది. ఉన్న ఇంటి జోలికి పోలేదు. ఎవరికి ఎంత, ఏ తేదీన ఇచ్చామో ఒక కాగితం మీద రాసి నలుగురం సంతకాలు చేశాం. నా వీలునామాలోనూ ఆ సంగతి రాశాను.

ఆ కాగితం ఎందుకని చాలామంది అడుగుతారు. మనవాళ్లలో ఎక్కువమందికి తెలియని విషయం ఇక్కడే ఉంది. తండ్రి వీలునామా రాయకుండా పోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లి బతికి ఉంటే ఆమెకు సమానంగా వస్తుంది. బతికుండగా పెద్దకొడుకు ఫ్లాటుకు ఇచ్చిన పాతిక లక్షలను అతని వాటాలో తగ్గించమని ఆ చట్టం చెప్పదు. తండ్రే ఎక్కడైనా రాసిపెట్టాలి. రాయకపోతే ఫ్లాటు డబ్బు పొందినవాడు, పొందనివాడు మిగిలిన ఆస్తిలో సమానంగా వాటా అడుగుతారు. ఆ తగవులోనే అన్నదమ్ములు మాటలు మానుకుంటారు. పది మంది చుట్టాలు కూర్చుని 'నాన్న నీకు అప్పుగా ఇచ్చాడు', 'కాదు, ఊరికే ఇచ్చాడు' అని వాదించుకుంటుంటే నేను కలం పట్టుకుని గంటల తరబడి కూర్చున్న రోజులున్నాయి. చెప్పాల్సిన మనిషి లేడు. ఆయన రాసి ఉంటే ఒక్క వాక్యంతో తీరిపోయేది.

ఒక కుటుంబం సంగతి చెప్పాలి. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు, రెండు రోజులు సెలవు పెట్టి తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వచ్చాడు. తెనాలిలో వాళ్లుండే ఇంటిని తన పేరిట దానం రాయించుకుని, దాన్ని తాకట్టు పెట్టి, వచ్చిన డబ్బు ఫ్లాటుకు మొదటగా కట్టాలని అతని ఆలోచన. చెడ్డ పిల్లవాడు కాదు. తల్లికి మంచినీళ్ల సీసా మూత తీసి ఇస్తున్నాడు, తండ్రిని ఎండలో నిలబడనివ్వలేదు. నేను చిత్తుప్రతి చదివి వినిపించాను. సర్వే నంబరు, సరిహద్దులు అన్నీ అయ్యాక ఆమె అడిగింది: "బాబూ, మేమిద్దరం పోయేదాకా అందులోనే ఉంటామని ఎక్కడ రాశావు?" కొడుకు ముఖం చిన్నబోయింది. "అది రాయాలా అమ్మా? నేను మిమ్మల్ని బయటికి పంపిస్తానా?" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. తండ్రి ఏమీ మాట్లాడలేదు.

జీవితకాల అనుభవ హక్కు అట్టిపెట్టుకుంటే దాని మీద అప్పు ఇవ్వడానికి బ్యాంకు వెనకాడుతుందని చెప్పాను. అది రాయకపోతే, వాయిదాలు తప్పిన రోజున బ్యాంకువాళ్లు వచ్చేది ఈ ఇంటి మీదికేనని కూడా చెప్పాను. "అమ్మాయికి ఈ సంగతి తెలుసా?" అని అడిగాను. నరసరావుపేటలో కూతురుందని మాటల్లో తెలిసింది. "దానికి పెళ్లప్పుడే పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం" అన్నాడు తండ్రి. ఆ రోజు రిజిస్ట్రేషన్ జరగలేదు. తర్వాత కూతురితో కలిసి వచ్చారు. ఇల్లు, ముందు వాకిలి తల్లిదండ్రుల పేరిటే ఉంచి, పెరటి వైపు ఖాళీ స్థలాన్ని కొలిపించి, రాకపోకలకు దారి వదిలి, కొడుక్కి దానం రాశాం. ఇల్లు తమ తర్వాత కూతురికి చెందేలా వీలునామా రాశాం. అతను అనుకున్న ఫ్లాటు కంటే చిన్నది కొనుక్కున్నాడు. ఇప్పటికీ సంక్రాంతికి అందరూ ఆ ఇంట్లోనే కలుస్తారు. కాగితం మీద రాసుకున్నందుకు వాళ్లలో ఎవరి ప్రేమా తగ్గలేదు.

అందరికీ ఇలా జరగదు. దానం రిజిస్టరు చేసి అప్పగించాక, ఇచ్చినవారు తమంతట తాము దాన్ని రద్దు చేసుకోలేరు. వీలునామా అయితే బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఈ తేడా తెలియక సంతకం పెట్టి, ఏడాది తిరిగాక "ఆ కాగితం వెనక్కి తీసుకోవాలయ్యా" అని వచ్చినవాళ్లకు ఏం చెప్పాలో తోచేది కాదు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. తనను చూసుకోవాలనే షరతుతో ఆస్తి ఇచ్చి, తీసుకున్నవారు చూడకపోతే, రెవెన్యూ డివిజనల్ అధికారి దగ్గరుండే ట్రిబ్యునల్ ఆ బదిలీని చెల్లదని ప్రకటించవచ్చు. ఆ షరతు ఉందా లేదా అన్నదే అక్కడ కీలకం. షరతు ఉన్నట్టు చూపలేనప్పుడు ఆ సెక్షన్ వర్తించదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో చట్టాన్ని ఉదారంగా అన్వయించి తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. అక్కడ కొడుకు విడిగా రాసిచ్చిన హామీ పత్రం ఉంది. అది ఉండి కూడా హైకోర్టు ధర్మాసనం కాదంటే ఆ తల్లి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ వయసులో అంత ఓపిక ఎందరికి ఉంటుంది?

ఇక కూతుళ్ల మాట. ఉమ్మడి రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచే పెళ్లికాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్లందరికీ ఆ హక్కు వచ్చింది. తండ్రి అప్పటికి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పని లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంత జరిగినా, కొడుకు ఫ్లాటు కోసం పొలం అమ్మాలనుకున్నప్పుడు కూతురికి ఫోను వచ్చేది సంతకం కోసమే. హక్కు విడుదల దస్తావేజు మీద వేలిముద్ర వేస్తే ఒక పట్టుచీర పెట్టి పంపిస్తారు. కట్నం ఇచ్చాం కదా అంటారు. కట్నం ఆ పిల్ల పేరిట ఏ బ్యాంకులో ఉంది? ఆమె పేరిట ఉన్న గజం స్థలం చూపించండి. ఈ మధ్య పెళ్లి మాటల్లోనే హైదరాబాద్‌లో ఫ్లాటు కొనిస్తారా అని అడుగుతున్నారట. అడగడమే తప్పు. తమంతట తాముగా కొనివ్వదలచిన తల్లిదండ్రులు దాన్ని కూతురి పేరిటే రిజిస్టరు చేయించాలని చేతులు జోడించి కోరుతున్నాను.

ప్రభుత్వానికి ఒక విన్నపం. రిజిస్ట్రేషన్ శాఖ దస్తావేజులకు తెలుగులో నమూనాలు ఇస్తుంది. అరవై దాటినవారు పిల్లలకు ఇచ్చే ప్రతి దానపత్రంలోనూ "నన్ను జీవితాంతం పోషించవలెను, నివాసం కల్పించవలెను" అన్న షరతు నమూనాలోనే అచ్చయి ఉండాలి. వద్దనుకున్నవారు వద్దని రాసి సంతకం చేయాలి. సబ్ రిజిస్ట్రారు వేలిముద్ర తీసుకునే ముందు పిల్లలను బయట కూర్చోబెట్టి, పెద్దవాళ్లను ఒంటరిగా "ఈ షరతు చదివారా? ఉంచమంటారా, తీసేయమంటారా?" అని అడగాలి. దీనికి ఐదు నిమిషాలు చాలు. కొత్త చట్టమూ అక్కర్లేదు, శాఖ ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖల అధికారులు మీ పత్రిక చదువుతారు కాబట్టి ఈ విన్నపాన్ని ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత దస్తావేజు లేఖరి,
తెనాలి.