లినక్స్‌కు మారగానే భద్రత వచ్చేస్తుందా?

సంపాదకులకు,

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆపేశాక, పాత ల్యాప్‌టాప్‌లను వదులుకోలేక విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లోని రకాలైన ఉబుంటుకో లినక్స్ మింట్‌కో మారుతున్న సాంకేతిక ఉద్యోగుల్లో ‘ఇక వైరస్‌ల బెడద లేదు’ అన్న ధీమా కనిపిస్తోంది. మారడం మంచిదే, నేను వాడేదీ లినక్సే. నా పేచీ ఆ ధీమాతోనే.

2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వానాక్రై అనే హానికర ప్రోగ్రామ్ విజృంభించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. విండోస్‌లోని లోపమే దానికి దారి ఇచ్చిన మాట నిజం. అయితే ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చి 14న విడుదలైంది. దాన్ని వేసుకోని విండోస్ 7 యంత్రాలే అత్యధికంగా దెబ్బతిన్నాయి.

లినక్స్ సంగతికొస్తే, దాదాపు ప్రతి డిస్ట్రో (ఉబుంటు, మింట్ వంటి లినక్స్ రకం)లోనూ ఉండే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాధనానికి ఏళ్లతరబడి సాయం చేస్తూ నమ్మకం సంపాదించిన ‘జియా టాన్’ అనే అజ్ఞాత వ్యక్తి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. దూరంలోని కంప్యూటర్‌లోకి ప్రవేశించేందుకు వాడే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రోయిండ్ 2024 మార్చి 29న దాన్ని బయటపెట్టకపోతే, అది లెక్కలేనన్ని సర్వర్లలోకి చేరి ఉండేది. ఆయన మైక్రోసాఫ్ట్ ఉద్యోగి అన్న సంగతి మన లినక్స్ వీరాభిమానులకు అంతగా రుచించదు.

అంత పకడ్బందీ కుట్ర అక్కర్లేకుండానే మనవాళ్లు తలుపులు తెరిచి పెడుతున్నారు. ఏదో ఇన్‌స్టాల్ కాలేదని వెతికి, నెట్ నుంచి ఫైలు దింపే కర్ల్ కమాండు ఏది దొరికితే దాన్ని చదవకుండానే టెర్మినల్‌లో పేస్ట్ చేసి, పూర్తి అధికారాలిచ్చే సుడో అడగ్గానే పాస్‌వర్డ్ కొట్టేస్తారు. అద్దె సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22వ పోర్టు తెరిచిన కాసేపటికే రూట్ (పూర్తి అధికారాలున్న ఖాతా), అడ్మిన్, టెస్ట్ పేర్లతో విఫల లాగిన్‌లు లాగిన్ ప్రయత్నాలు నమోదయ్యే ఆథ్ లాగ్‌లో వరసగా పడుతుంటాయి. అవి కళ్లారా చూస్తూ కూడా పాస్‌వర్డ్ లాగిన్‌ను ఆపి, దాని బదులు రహస్య ఫైలుతో పనిచేసే ‘కీ’ లాగిన్‌కు మారని సీనియర్లు నాకు తెలుసు.

హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో లినక్స్ నేర్పే శిక్షణ సంస్థలు కమాండ్ల జాబితా కంటే ముందు కీ తయారు చేసుకోవడం, భద్రతా అప్‌డేట్లు వాటంతటవే పడేలా అమర్చడం, రూట్‌తో నేరుగా లాగిన్ కాకుండా ఆపడం విద్యార్థుల చేతే చేయించాలని కోరుతున్నాను.

– ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, విజయవాడ