సర్టిఫికెట్‌తో పాటు గడువుల పట్టిక కూడా ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఏడుగురు సభ్యులు, ఒక చిరునామా, మెమోరాండం (లక్ష్యాల పత్రం), బైలాస్ (నిబంధనావళి) ఉంటే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సేవా సంస్థను నమోదు చేయించుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫికెట్ రాగానే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. సంస్థలు చిక్కుల్లో పడేది ఆ తర్వాతే. సేవా సంస్థల లెక్కలు, దరఖాస్తులు చూసే మాకు పదేపదే ఎదురయ్యే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. కొత్తవారికి పనికొస్తాయని రాస్తున్నాం.

మొదటిది బైలాస్. డాక్యుమెంట్ రైటర్ దగ్గరున్న పాత ప్రతిలో పేర్లు మార్చి సంతకాలు పెట్టేస్తారు. ఆ ప్రతి ఏ కాలనీ సంఘానిదో, కుల సంఘానిదో అయి ఉంటుంది. 'సభ్యుల సంక్షేమం' అన్న ఒక్క లైను దానిలో మిగిలిపోయినా ఇది ప్రజలందరి కోసం పెట్టిన సంస్థేనా అని ఆదాయపు పన్ను శాఖ ప్రశ్నిస్తుంది. ఒక కులానికో మతానికో పరిమితమైన సంస్థకు 80జి, అంటే దాతలకు పన్ను మినహాయింపు దక్కేలా చేసే అనుమతి, రాదు. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులు, మహిళలు, పిల్లల కోసం పనిచేసేవాటికి ఈ అడ్డంకి లేదు. సంస్థను రద్దు చేస్తే ఆస్తులు అలాంటి లక్ష్యాలున్న మరో సంస్థకే చెందాలని, సభ్యులు పంచుకోకూడదని స్పష్టంగా రాయాలి. ఈ క్లాజు లేక ఆగిన దరఖాస్తులు ఎన్నో. తర్వాత సవరించుకోవచ్చు కానీ అందుకు మళ్లీ సర్వసభ్య సమావేశం, తీర్మానం, రిజిస్ట్రార్ దగ్గర దాఖలు అన్నీ కావాలి. ఏడుగురూ ఒకే ఇంటివారు కాకుండా చూసుకోవడం కూడా మంచిది. బంధువులకు జీతం గానీ అద్దె గానీ చెల్లిస్తే, అది మార్కెట్ రేటుకు మించలేదని చూపించే కాగితం ఉండాలి.

బ్యాంకు ఖాతాకు ముగ్గురి సంతకాలు నమోదు చేసి, ఏ ఇద్దరివి ఉన్నా చెక్కు చెల్లేలా తీర్మానం చేయండి. ఇద్దరివే పెట్టుకున్న చోట ఒకరు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లినా, అలిగినా డబ్బు కదలదు. కార్యవర్గం జాబితాను ఏటా రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. కొన్నేళ్లు దాఖలు చేయకుండా వదిలేశాక గొడవ వస్తే రెండు వర్గాలు రెండు జాబితాలు పట్టుకొస్తాయి. అసలు కార్యవర్గం ఏదో తేల్చడానికి కోర్టు మెట్లెక్కాలి.

ఎక్కువ నష్టం జరిగేది ఆదాయపు పన్ను దగ్గర. 2025 నాటి కొత్త చట్టంతో సెక్షన్ల అంకెలు మారాయి. అయినా అందరికీ అలవాటైన 12ఎ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపునిచ్చే నమోదు), 80జి అనే పేర్లే ఇక్కడ వాడుతున్నాం. కొత్త సంస్థకు మొదట వచ్చేది మూడేళ్ల తాత్కాలిక నమోదు మాత్రమే. దాన్ని పూర్తి నమోదుగా మార్చుకోవడానికి మూడేళ్లూ ఆగవచ్చనుకోవడమే పొరపాటు. కార్యక్రమాలు మొదలైన ఆరు నెలల లోపు, లేదా తాత్కాలిక గడువు ముగియడానికి కనీసం ఆరు నెలల ముందు, ఈ రెండింటిలో ఏది ముందొస్తే ఆలోగా దరఖాస్తు చేయాలి. గడువు దాటితే మినహాయింపు పోవడమే కాదు, సంస్థ ఆస్తుల విలువలోంచి అప్పులు తీసేయగా మిగిలినదానిపై కూడా పన్ను పడే ప్రమాదం ఉంది. విరాళంగా వచ్చిన స్థలం ఉన్న సంస్థకు ఇది ప్రాణాంతకం.

నమోదు సమయంలో ఇంటర్నెట్ సెంటర్ వాళ్ల ఈమెయిల్, ఫోన్ నంబరు ఇచ్చేసేవారూ ఉన్నారు. శాఖ అడిగే ప్రశ్నలు ఆ మెయిల్‌కే వెళ్తాయి. జవాబు రాలేదని దరఖాస్తు తిరస్కరిస్తారు, ఆ సంగతి సంస్థకు నెలల తర్వాత తెలుస్తుంది. సంస్థ పేరుతో సొంత మెయిల్ పెట్టుకుని, పాస్‌వర్డ్ కనీసం ఇద్దరి దగ్గర ఉంచండి.

80జి వస్తే విరాళాలు వాటంతట అవే వస్తాయని కూడా అనుకోవద్దు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు ఆ మినహాయింపు వర్తించదు. రూ.2,000 దాటిన నగదు విరాళానికీ వర్తించదు. దాత పాన్ నంబరు రసీదు రాసేటప్పుడే తీసుకోవాలి. ఏడాది చివర్లో ఫోన్లు చేసి అడిగితే సగంమంది ఎత్తరు. దాతల వివరాల పత్రం మే 31లోగా దాఖలు చేయకపోతే రోజుకు రూ.200 చొప్పున రుసుము పడుతుంది.

ఇక అమెరికా డబ్బు. మన ఊళ్లలో చాలా సంస్థలకు మొదటి దాత అక్కడ స్థిరపడ్డ బంధువో స్నేహితుడో అవుతాడు. ఇక్కడ చూడాల్సింది అతని నివాసం కాదు, పాస్‌పోర్టు. భారత పాస్‌పోర్టుతో హెచ్1బి మీదో, గ్రీన్‌కార్డు మీదో ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు తీసుకుని రసీదుకు జతచేస్తే చాలు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఓసీఐ కార్డున్నా సరే విదేశీయులే. అక్కడ నమోదైన తెలుగు సంఘం పంపినా విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా ఆ డబ్బు ఖాతాలో పడితే చట్టాన్ని ఉల్లంఘించినట్టే. ఆ రిజిస్ట్రేషన్‌కు సంస్థకు మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో కార్యక్రమాలపై రూ.15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. వచ్చాక కూడా డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. కొత్త సంస్థ ముందస్తు అనుమతి కోరవచ్చు, కానీ అది ఒక దాతకు, ఒక పనికి, ఒక మొత్తానికే వర్తిస్తుంది. అనుమతి ఉన్న పెద్ద సంస్థ ద్వారా తెప్పించుకుందామనే దారి 2020 సవరణతో మూసుకుపోయింది. పెద్ద సంస్థ తానే వచ్చి పని చేయాలి తప్ప ఆ డబ్బును మరొకరికి ఇవ్వకూడదు.

ఇవన్నీ మంచి మనసుతో సేవకు వచ్చిన యువత దెబ్బతిన్నాక తెలుసుకోవాల్సిన విషయాలు కావు. రెండు తెలుగు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖలకు మా విన్నపం ఇది: సర్టిఫికెట్‌తో పాటు ఏ నెలలో ఏ పత్రం ఎక్కడ దాఖలు చేయాలో తెలుగులో ఒక్క పేజీ ముద్రించి ఇవ్వండి. సేవా సంస్థలకు పనికొచ్చే నమూనా బైలాస్‌ను తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ పక్కపక్కనే ముద్రించి ప్రతి జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఉచితంగా అందుబాటులో ఉంచండి.

ఇట్లు,
సేవా సంస్థల లెక్కలు చూసే కొందరు,
విజయవాడ