రాత్రి రెండింటికి కూడా గేటు తీసే షెల్టర్ కావాలి

సంపాదకుడిగారికి నమస్కారం.

పోయిన చలికాలం మా నాన్నని హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్చాం. పేషెంటు దగ్గర ఒక్కరినే ఉండనిస్తారు, అమ్మ లోపల ఉండేది, అందుకని పదకొండు రాత్రులు నేను బయట ఫుట్‌పాత్ మీదే పడుకున్నాను. మొదటి రాత్రి పక్కనున్న మనిషి ఒక అట్టపెట్టె విప్పి ఇచ్చి, చెప్పులు తల కింద పెట్టుకో తమ్ముడూ, లేకపోతే తెల్లారేసరికి ఉండవు అన్నాడు. ఆయన పేషెంటు తాలూకు కాదు. పాలమూరు వైపు నుంచి వచ్చి తొమ్మిదేళ్లయిందట, పెళ్లిళ్లలో క్యాటరింగ్ పనికి పోతాడు, ఆ గోడ పక్కనే పడక.

"అన్నా, ఇల్లు లేనివాళ్లు పడుకోవడానికి ప్రభుత్వం పెట్టిన నైట్ షెల్టర్లు ఉన్నాయి కదా, అక్కడికి పోవచ్చు కదా" అని అడిగాను. పోయి చూశాడట. భోజనాలు అయిపోయి, గిన్నెలు కడిగి, సామాను ఆటోకి ఎక్కించి వచ్చేసరికి రాత్రి ఒంటిగంటో రెండో అవుతుంది, అప్పటికి గేటుకి తాళం. దొరికిన రోజు కూడా పొద్దున్నే లేపి బయటికి పంపేస్తారు, మరి రాత్రంతా పని చేసినవాడు ఎప్పుడు నిద్రపోవాలి? ఇంకోచోట ఆధార్ అడిగారట, అది సంచితో సహా ఎప్పుడో పోయింది. మాకు కొంచెం అవతల ఇద్దరు పిల్లలతో పడుకునే భార్యాభర్తలది ఇంకో బాధ, మగవాళ్ల షెల్టర్‌లోకి ఆయన ఒక్కడే రావచ్చన్నారు. వాళ్లని వదిలేసి ఆయన ఎలా పోతాడు?

తలదాచుకునే చోటు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లోనే చమేలీ సింగ్ కేసులో చెప్పింది. 2010లో పెద్ద నగరాల్లో లక్ష జనాభాకి ఒక షెల్టర్ చొప్పున, ఏడాది పొడవునా, రోజంతా తెరిచి ఉండాలని ఆదేశించింది. 2013లో కేంద్రం తెచ్చిన పట్టణ జీవనోపాధి మిషన్ కూడా జనాభాని బట్టే లెక్క పెట్టింది, లక్ష జనాభాకి కనీసం వంద మందికి షెల్టర్లలో చోటు ఉండాలని, వాటిని స్టేషన్లు, బస్టాండ్లు, మార్కెట్ల దగ్గర కట్టాలని. కార్డు లేనివాళ్లకి కార్డు ఇప్పించడం కూడా షెల్టర్ పనే అంది. 2011లోనే జీహెచ్‌ఎంసీ జనాభా 67 లక్షలు దాటింది, అంటే ఆ పాత లెక్కకే 67 షెల్టర్లు ఉండాలి. ఈరోజు రాత్రి రెండింటికి వెళ్తే గేటు తీసేవి ఎన్ని?

2017 నవంబర్‌లో ఇవాంకా ట్రంప్ వచ్చిన సదస్సు ముందు మన నగరం ఏం చేసిందో నాకు గుర్తుంది. అడుక్కోవడం నిషేధించి, రోడ్ల మీది మనుషుల్ని ఏరి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. అంత వేగంగా బండ్లు, మనుషులు, చోటు అన్నీ సమకూరాయంటే, చేతగాక ఆగిపోయిన పని కాదిది.

ఇంకో సంగతి. 2011 జనగణనలో దేశంలో ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షల మంది అని తేలింది, వాళ్లని ఫిబ్రవరి 28న ఒక్క రాత్రిలో లెక్కపెట్టారు. ఫిబ్రవరి అంటే సాధారణంగా మాఘమాసం, పెళ్లిళ్ల రోజులు. మా క్యాటరింగ్ అన్న లాంటివాడు అలాంటి రాత్రి ఏ ఫంక్షన్ హాల్ వెనకాలో గిన్నెలు కడుగుతుంటాడు, ఎవరు రాస్తారు ఆయన పేరు? 2027 లెక్కలకి వెళ్లే సిబ్బంది దయచేసి ఫంక్షన్ హాళ్లు, లేబర్ అడ్డాలు, ఆసుపత్రి గోడలు కూడా తిరగాలి.

నగరపాలక అధికారుల్ని నేను అడిగేది ఇదీ: ప్రతి పెద్ద ఆసుపత్రి, స్టేషన్, బస్టాండ్ గేటు దగ్గర ఆ చుట్టుపక్కల షెల్టర్ల పేర్లు, దారి, ఫోన్ నంబరు తెలుగులో, ఉర్దూలో, హిందీలో రాయించండి. కుటుంబాలకి వేరే హాలు ఇవ్వండి. కాపలా మనిషికి రాత్రి డ్యూటీ వేసి, ఎంత ఆలస్యంగా వచ్చినా, కార్డు లేకపోయినా లోపలికి రానివ్వమని చెప్పండి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్